పాలేరు నెల్స్ టోపీ

1992 జులై. ఉత్తర డకోటాలోని నార్డ్‌బీ ఊరి లైబ్రరీ నేలమాళిగలో, పాత జనాభా లెక్కల ఫిల్ములు చూసే యంత్రం ముందు అర్విల్లా కూర్చుని ఉంది. వీధికి అవతల, చర్చి హాల్లో, ట్వైట్ వంశం వాళ్ళంతా భోజనాలకు చేరారు. తమ్ముడు సెల్మర్‌కు ఆమె అక్కడికే కబురు పంపింది.

“తలుపు దగ్గరగా వెయ్యి. ముందు ఆ టోపీ తియ్యి.”

“ఎందుకు తియ్యాలి? ఇంకాసేపట్లో నా ఆట. మీసం కూడా బొగ్గుతో దిద్దుకున్నాను, చూడు. పాలేరు నెల్స్ ఏటికేడు బాగా కుదురుతున్నాడక్కా.”

“తియ్యమన్నానా!”

“సరే, సరే, తీశాను. ఏమైంది? మొహం అలా పెట్టావేం? అవతల పిల్లలు అప్పుడే వరసగా నుంచుంటున్నారు, లెక్క పెట్టించుకోడానికి. ‘ఒకటి, రెండు, మూడు... నాలుగోది ఏదీ? నాలుగో పిల్ల ఏదీ?’ ఆ ముక్క అనగానే చూడాలి వాళ్ళని, దొర్లుతారు నవ్వలేక.”

“తెలుసు. ఏటా చూస్తూనే ఉన్నాను.”

“అప్పట్లో ఇంట్లో ఉన్నది తాత పిల్లలు ముగ్గురు. మంచు పడితే చాలు, మన పాలేరుగారు వాళ్ళ నెత్తిమీద చెయ్యేసి లెక్కపెట్టడం, నాలుగోది ఏదని పశువులపాక దాకా వెతకడం! మూడుకీ నాలుక్కీ తేడా తెలీని మనిషిని మన తాత ఎలా భరించాడో గానీ...”

“కూర్చో. ఊరి జూబిలీ పుస్తకానికి మన వంశం పేజీ ఇవాళే ఇవ్వాలి.”

“రాసేశానన్నావుగా? మొగుడు మంచుతుఫానులో పోతే, ముగ్గురు పసిపిల్లల్ని వెంటేసుకుని ఒంటి చేత్తో నేల దున్నిన వితంతువు, మన ముత్తవ్వ గున్‌హిల్డ్. దానికి తగ్గట్టు హాల్లో ఫలకం కూడా పెట్టారు. ఇంకా ఏం కావాలి?”

“పిల్లలెందరు?”

“ముగ్గురు. మన తాత, తాత చెల్లెళ్ళిద్దరు. ఇప్పుడు పరీక్ష పెడతావా నాకు?”

“ఇదిగో, ఇటు చూడు. పంతొమ్మిది వందల సంవత్సరం లెక్క. ఎందరిని కన్నావు, ఎందరు బతికున్నారు అని ఆడవాళ్ళని అడిగేవారు అప్పట్లో. వేలు పెట్టిన చోట చదువు.”

“కన్నది నలుగురిని. ఉన్నది ముగ్గురు. ...రాసినవాడు పొరపాటు పడుంటాడు.”

“నేనూ అలాగే అనుకున్నాను. అందుకని అంతకు ముందుది తెప్పించాను, పద్దెనిమిది వందల ఎనభై అయిదు నాటిది. అప్పటికి వీళ్ళు ఇంకా ఈ వైపు రాలేదు, తూర్పున ఎర్రనది దగ్గర కౌలు చేసుకుంటున్నారు. నిల్స్ ట్వైట్. భార్య గున్‌హిల్డ్. కూతురు మారిట్, అయిదేళ్ళు. కొడుకు థియొడోర్, ఏడాది.”

“థియొడోర్ మన తాత. మారిట్ ఎవరు?”

“అదే నేనూ అడుగుతున్నాను. పేరెప్పుడైనా విన్నావా?”

“లేదు. ఎవరూ అన్లేదు. చిన్నప్పుడే పోయుంటుంది పాపం. ఆ రోజుల్లో ఏ ఇంట్లో పోలేదు? ఒక వాక్యం రాసెయ్యి పేజీలో, దానికింత హడావిడి ఎందుకు? మీట్‌బాల్స్ చల్లారిపోతాయి.”

“తుఫాను ఎనభై ఎనిమిదిలో. అప్పటికి పిల్లకి ఎనిమిదేళ్ళు. బడికి వెళ్ళే పిల్ల. ఆ తుఫానులో బడిపిల్లలే కదరా ఎక్కువమంది...”

“అక్కా, ముత్తాత వెళ్ళింది ఆవు కోసం. ఆవుని వెతకబోయి గడ్డకట్టి పోయాడు. ఎన్నిసార్లు విన్నాం!”

“ఆవు కోసమని మనకి చెప్పారు.”

“సరే, పిల్ల కోసమే వెళ్ళాడనుకో. ఇంకా గొప్ప సంగతి. పిల్లతో పాటే పోయాడు.”

“పోలేదు.”

“ఏంటి?”

“ఆయన పోలేదు. ముత్తవ్వ పేరు వెతుకుతుంటే పక్కనే ఇంకో ట్వైట్ తగిలాడు, ఆ పంతొమ్మిది వందల లెక్కలోనే. పిచ్చాసుపత్రిలో. నిల్స్ ట్వైట్, పుట్టింది యాభై ఆరు మేలో, నార్వేలో. ఈ దేశానికి వచ్చింది ఎనభై రెండులో. పెళ్లయినవాడు. ముత్తవ్వ పెళ్లి వివరాలు రాసిపెట్టిన మన బైబిల్ మొదటి పేజీ తెరిచి పెట్టుకుని చూశాను. నెలతో సహా సరిపోయింది.”

“నిల్స్‌లు ఎంతమంది లేరు! రాయి విసిరితే నిల్స్‌కే తగిలేది అప్పట్లో.”

“అవును.”

“పైగా సమాధి ఉంది. నువ్వే కదా ఏటా పూలు పెడతావు?”

“పెడతాను. రాయికి పెడతాను. రాయి కింద ఎవరున్నారో నేను చూశానా, నువ్వు చూశావా?”

“...ఈ మాట బర్డెట్ బావ చెవిన పడిందో, చచ్చామే. ఫలకం పెట్టినప్పటి నుంచీ కడుపుమంటతో ఉన్నాడు. పిచ్చివాడి మనవలు అంటాడు. సరే, ఉన్నాడు, ఆసుపత్రిలోనే పోయాడు. అయిపోయిందిగా. రీలు చుట్టెయ్యి.”

“ఇది పంతొమ్మిది వందల పదో సంవత్సరానిది. మన ఇల్లే. చదువు.”

“గున్‌హిల్డ్ ట్వైట్, వితంతువు. కొడుకు థియొడోర్. కోడలు... పాలేరు, నెల్స్ ఆండర్సన్! మనవాడే! నెల్స్ నిజంగా ఉన్నాడక్కా! ఇన్నాళ్ళూ నాన్న సగం కల్పించాడనుకున్నాను. దీన్ని నకలు తీసి హాల్లో చూపించాలి.”

“పక్క గడి కూడా చదువు.”

“పెళ్లయినవాడు. ముప్ఫై ఒక్కేళ్ళుగా. హహ్... వీడికి పెళ్లా? వీణ్ణి ఎవత్తి చేసుకుంది?”

“బైబిల్లో ముత్తవ్వ పెళ్లి ఏ ఏడు?”

“డెబ్భై తొమ్మిది.”

“ఇది పదో ఏడు. లెక్కపెట్టు. నువ్వు బాగా లెక్కపెడతావుగా.”

“ఎనభై తొమ్మిదికి పది, తొంభై తొమ్మిదికి ఇరవై...”

“చెప్పరా.”

“ముప్ఫై ఒకటి. కానీ... ట్వైట్ కాదుగా. ఆండర్సన్ అని ఉందిగా!”

“బైబిల్లో ఆయన పేరు పూర్తిగా ఏముంది? చదివి చెప్పు, ఇక్కడే ఉంది.”

“నిల్స్, ఆండర్స్ కొడుకు, ట్వైట్ పొలం వాడు.”

“ఆ దేశంలో అందరికీ రెండూ ఉండేవి, తండ్రి పేరూ, పొలం పేరూ. ఇక్కడికి వచ్చాక ఏది కావాలంటే అది పెట్టుకునేవారు. నిల్స్‌ని ఇక్కడ నెల్స్ అనేవారు. ఆయన పొలం పేరు పెళ్ళాం పిల్లలకి వదిలేసి, తండ్రి పేరు తీసుకుని వచ్చాడు. అబద్ధం కూడా ఆడలేదు.”

“సొంత ఇంటికి... పాలేరుగానా? ఎవడన్నా వస్తాడా అలా? ఏ ఆడదన్నా రానిస్తుందా? ముత్తవ్వ అంత కసాయిదా? మొగుడికి నయమై వస్తే, లోపలికి రా, కూర్చో అనదా?”

“పట్టా ఎవరి పేరున ఉంది?”

“ముత్తవ్వ పేరున.”

“మొగుడున్న ఆడదానికి సర్కారు ఇక్కడ నేల రాసిచ్చేది కాదు. పెళ్లికాని పిల్లకి ఇచ్చేది, వితంతువుకి ఇచ్చేది. పెద్దపిల్ల తుఫానులో పోయింది, దాన్ని వెతికి మతి చెడి ఆసుపత్రిలో మొగుడు, ఒళ్ళో ముగ్గురు పిల్లలు. ఏం చేస్తుంది? ఎవరూ ఎరగని చోటికి వచ్చి, వితంతువునంది. నలుగురూ నమ్మాలని రాయి పాతించింది. ఏళ్ళ తరవాత నూర్పిళ్ళ రోజుల్లో ఆయన గుమ్మంలోకి వచ్చి నుంచున్నాడు. మొగుడని చెబితే నేల ఉంటుందో ఊడుతుందో తెలీదు. అప్పటికి ఎన్నేళ్ళుగానో చర్చిలో నల్లబట్టలతో కూర్చుంటోంది ఆవిడ. ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?”

“నేల... మన నేలేనా?”

“మన నేలే. నీ పొద్దుతిరుగుడు వేసిన నేల. నన్ను చదివించిన నేల. ఆ ఫలకం పెట్టిన నేల.”

“నీళ్ళున్నాయా?”

“ఇదిగో. మెల్లగా తాగు. బొగ్గు మూతికంతా అయింది.”

“అక్కా, వాడు... ఆయన పొయ్యి దగ్గర కట్టెల పెట్టె మీద కూర్చుని తినేవాడు. బల్ల దగ్గరికి రమ్మంటే వచ్చేవాడు కాదు. అది కూడా ఆడతాను నేను. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, దొంగచూపులు చూస్తూ.”

“చూశాను.”

“తాత పెళ్లిలో మూల నుంచుని ఏడ్చాడనీ, తాగి ఏడ్చాడనీ...”

“చాలు.”

“లెఫ్సె రొట్టెకి చక్కెర రాసుకుని, చుట్టి, ఒకటి జేబులో దాచుకునేవాడు. లెఫ్సె దొంగ అని పిల్లల చేత అరిపిస్తాను. ఎవరికి దాచేవాడే అది?”

“నాకేం తెలుసురా?”

“తెలుసు నీకు. మంచు పడ్డప్పుడే లెక్కపెట్టేవాడు. నాలుగోదాన్నే వెతికేవాడు. లెక్క రాక కాదు. ఆయనకి లెక్క వచ్చు. మనకే రాదు.”

“ఏడవకు. ఎవరన్నా వస్తారు.”

“ఏడవట్లేదు. సిగ్గుగా ఉంది. చచ్చేంత సిగ్గుగా ఉంది. బల్లల కింద దూరి వెతుకుతానే! కుక్కలా వాసన చూస్తూ వెతుకుతానే! ...సరే. ఒక పని చేద్దాం. ఈ ఫిల్ములు వెనక్కి పంపించెయ్యి. పేజీ ఎలా ఉందో అలాగే ఇచ్చెయ్యి. నేను ఇవాళ నడుం పట్టేసిందని చెప్తాను, ఆట ఉండదు. వచ్చే ఏడు కూడా ఉండదు. మెల్లగా మరచిపోతారు. ముత్తవ్వ పరువూ ఉంటుంది.”

“తాత కూడా అలాగే అనుకున్నాడు.”

“తాతకి తెలీదు. తుఫాను నాటికి తాత నాలుగేళ్ళవాడు. తండ్రి మొహం ఎలా గుర్తుంటుంది?”

“ఈ ఆఖరి రీలు ఈ ఏడే బయటికి వదిలారు. మనుషులు చెప్పిన మాటలు డెబ్భై రెండేళ్ళు ఎవరికీ చూపించరు. ఇరవయ్యో సంవత్సరానిది. ముత్తవ్వ పోయింది, ఇంటిపెద్ద తాత. నాన్న తొమ్మిదేళ్ళవాడు. అందరికన్నా కింద, నెల్స్ ఆండర్సన్. ఇంటిపెద్దకి ఏమవుతాడన్న గడి చూడు.”

“పాలేరు అని ఉంది.”

“దాని కింద? కొట్టేసింది చదువు.”

“కనపడట్లేదు.”

“దగ్గరికి జరిగి చూడు.”

“తండ్రి. ...తండ్రి అని రాసి కొట్టేశారు.”

“ఆ.”

“రాసినవాడు పొరపాటున...”

“పొరపాటు కాదని నీకూ తెలుసు. లెక్కలవాడు గుమ్మంలో నుంచుని అడిగాడు. ఎవరో ఒకరు నిజం చెప్పారు. ఎవరో ఒకరు కొట్టెయ్యమన్నారు.”

“ముసలాయనే చెప్పి, ముసలాయనే వద్దన్నాడేమో. మన తాత అలాంటివాడు కాదు. నన్ను భుజాన ఎక్కించుకుని పశువుల సంతకి తీసుకెళ్ళిన మనిషి.”

“కావచ్చు. ముసలాయనే అనుంటాడేమో. అప్పుడు తాత ఊరుకున్నాడన్నమాట. మొత్తానికి ఆ రోజు రాత్రి కూడా ఆయన కట్టెల పెట్టె మీదే కూర్చుని తిన్నాడు.”

“నాన్నకి తెలుసా?”

“ఆ కథ చెప్పేటప్పుడు నాన్న ఎప్పుడైనా నవ్వగా చూశావా?”

“...లేదు.”

“చెప్పేవాడు, లేచి పాకలోకి వెళ్ళిపోయేవాడు. నవ్వింది మనం. ఆయన పెట్టుకున్న ఈ టోపీ పారేద్దామంటే కూడా పారెయ్యనివ్వలేదు, మేకుకే ఉంచాడు. నేనేమో ఆడటానికి పనికొస్తుందని నీకు తెచ్చిచ్చాను. మొదట తెచ్చిచ్చింది నేనేరా.”

“ఎక్కడ పాతారు ఆయన్ని?”

“వద్దులే.”

“చెప్పు.”

“చర్చి పుస్తకంలో ఉంది. శ్మశానం కంచె పక్కన, ఉత్తరం మూల. కొయ్య గుర్తు.”

“ఉత్తరం మూల... కార్లు నిలిపే చోటా?”

“నీకు చెప్పకూడదనే అనుకున్నాను.”

“నేనే కదే కంకర పోయించింది! ‘కుళ్ళిపోయిన కొయ్యేదో ఉంది, పీకెయ్యమంటారా’ అని కూలీలు అడిగితే, పీకెయ్యండి అన్నాను. ఇప్పుడు కూడా... నా ట్రక్కు అక్కడే పెట్టొచ్చాను అక్కా.”

“తమ్ముడూ, ఇటు చూడు. నిన్ను అనడానికి పిలవలేదు. నాకు ఒక్కదానికి మొయ్యడం చేతకాలేదు. పది రోజులుగా నిద్ర లేదు. పేజీ రెండు రకాలుగా రాశాను, మొదటిది పాత కథ, రెండోది నిజం. ఒకటి ఇచ్చెయ్యాలి. నువ్వు కూడా సరేనంటేనే రెండోది ఇస్తాను. వద్దంటే మొదటిదే ఇస్తాను, ఇంక ఎత్తను.”

“రెండోది ఇస్తే అందరికీ మొహం ఎలా చూపించాలో... పిల్లలకి ఏం చెప్పాలి? ఇన్నేళ్ళూ నవ్వించి?”

“ఏమో.”

“ఉండు, ఎవరో మెట్లు దిగుతున్నారు.”

“వదినా! మా ఆయన ఇక్కడున్నాడా? ...నువ్వేంటి, ఈ చీకట్లో దాక్కున్నావు? ఊరంతా వెతికాను.”

“వస్తున్నాను లవాన్.”

“మీసం ఏమైంది? మొహమంతా మసి పూసుకున్నావేంటి? టోపీ అలా గుండెకి పట్టుకుంటే నలిగిపోదూ, పెట్టుకో. పిల్లలు వరసగా నుంచుని గోల గోల చేస్తున్నారు. ఇక్కడికే వినపడుతోంది, అదుగో. ‘నాలుగోది ఏదీ, నాలుగోది ఏదీ’ అని.”

“వినపడుతోంది.”

“వదినా, నువ్వైనా చెప్పు. ఇద్దరికీ ఏమైంది? సరేలే, ముందు నేను వెళ్ళి వాళ్ళ నోరు మూయించాలి. ఏం చెప్పమంటావు సెల్మర్?”

“దాని పేరు మారిట్ అని చెప్పు.”