మునగని మోకాలు

ఆదివారం ఆరాధన అయ్యాక, నాచారంలోని మా బాప్టిస్టు చర్చిలో నేను పాటల పుస్తకాలు సర్దుతున్నాను. వెనక బెంచీ మీద, మా సంఘం యాభై ఏళ్ల చరిత్ర రాస్తున్న సెక్రటరీ అంకుల్‌తో ఒక అవ్వ, చనిపోయిన తన భర్త గురించి మాట్లాడుతోంది.

"అవ్వా, మొదట బాప్తిస్మం తీసుకున్న పన్నెండు మంది పేర్లు రిజిస్టర్ల ఉన్నయి. తాత పేరు లేదు."

"వాళ్లు వానలు పడ్డంక మునిగిన్రు. ఈయన ఎండకాలంలనే, అందరికంటె ముందు చెరువుల దిగిండు. నీళ్లేమో మోకాళ్ల దాక గూడ లేవు. పాస్టరయ్యగారు కూసోబెట్టి ఎనకకు పండబెట్టిండు. అంత మునిగిండు గని, ఒక్క మోకాలు పైకే ఉండె."

"గందుకే రాయలేదా?"

"నిండ మునగాలె గద బిడ్డా. వానలు పడ్డంక మల్ల ఇస్తనన్నడు అయ్యగారు. ఈయన వింటడా? 'దేవుడు సూసిండు, సాలు' అన్నడు."

"మస్తు మొండోడే!"

"ఫ్యాక్టరీల డ్యూటీ దిగొచ్చి ఈ గోడలకు ఇటుకలు మోసిండు. అందరు 'ఎండిన మోకాలు ఏసోబు' అని ఎక్కిరిచ్చేటోళ్లు. సచ్చేదాక ఆ మోకాలు మీదనే ప్రార్థన జేసిండు. నీ బుక్కుల గూడ లేకుంటే, ఆయన ఈడ లేనట్టే గద బిడ్డా."

"రాస్తున్న అవ్వా. మొదటి పేరు, ఏసోబు."

"మోకాలు సంగతి గూడ రాయి."

"అదెందుకవ్వా? సదివినోళ్లు నవ్వుతరు."

"నవ్వనీ. అది రాయకుంటే ఆయనే అని ఎవరు గుర్తువడ్తరు?"