తలుపు బిగుసుకున్న చోటు

ముందుగది. తలుపులో ఒక చిల్లు, ఎదుటి గోడలో ఒక చిల్లు. ఇంటావిడ, ఆ తలుపు చేసిన ఆమె తమ్ముడు, తుపాకీ గుండు వచ్చిన దారి తేల్చడానికి వచ్చిన నిపుణురాలు. ఆమె భర్త చనిపోయిన ఆ వానాకాలం నుంచీ అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు.

“వాణ్ణెందుకు పిలిపించారు మేడమ్? తలుపు పట్టుకోవడానికి మీ మనుషులు లేరా?”

“ఉన్నారమ్మా. కానీ తలుపు సంగతి చేసినవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఏమయ్యా, టేకేనా?”

“టేకేనండి. ఒకటిన్నర అంగుళాల మందం. అక్క ఇంటికని ఏరి ఏరి తెచ్చిన చెక్క.”

“ఆ గొప్పలు ఇప్పుడెందుకో అడగండి మేడమ్.”

“గొప్పే లెండి. నాసిరకం చెక్కయితే గుండు చీల్చేసి పోతుంది, దారి మిగలదు. ఇందులో గొట్టంలాగా నిలిచింది. ఈ కమ్మి దూర్చితే కదలకుండా కూర్చుంది చూడండి. దీని చివర ఎర్రలైటు ఎక్కడ పడితే గుండు అటు వెళ్లినట్టు. తలుపు వెయ్యవయ్యా.”

“వేశానండి.”

“లైటెక్కడ పడిందమ్మా?”

“కిటికీ పక్కన. గోడలో చిల్లు అక్కడ కాదుగా, క్యాలెండర్ కింద కదా!”

“అంటే గుండు తగిలినప్పుడు తలుపు వేసి లేదు.”

“లేదనే కదా పోలీసులకి చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. కొంచెం వచ్చి బిగుసుకుంది. బిగుసుకుంది, అంతే.”

“నాకూ ఒకసారి చెప్పండి. కాల్చినవాడి లాయరు, గాల్లోకి కాల్చాడు, ఊరికే బెదిరించడానికి అంటున్నాడు. ఈ గీత సరిగ్గా రాకపోతే వాడు బయటికొచ్చేస్తాడు.”

“ఏం చెప్పమంటారు? మా ఆయన చెత్తబుట్ట బయట పెట్టడానికి వెళ్లాడు, తలుపు దగ్గరగా లాగి. వీధిలో వాడెవడో తాగి అరుస్తున్నాడు. తుపాకీ ఉందని ఎవరికి తెలుసు? మొదటి చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చి ఈ పిడి పట్టుకుని లాగాను. జానెడు వచ్చింది. సందులోంచి ఆయన చొక్కా కనిపించింది కూడా. ఇక రాదే! రెండు చేతులా లాగాను. కాలు గోడకి తన్నిపెట్టి లాగాను. చివరికి ఒక్కసారిగా వచ్చేసింది, వెల్లకిలా పడ్డాను. లేచేసరికి ఆయన గుమ్మంలో...”

“చాలక్కా.”

“నన్ను చాలు అనడానికి వీడెవడో అడగండి. వానలకి తలుపు బిగుస్తోందిరా, వచ్చి చిత్రిక పట్టరా అని మొత్తుకున్నాను. రేపొస్తా అన్నాడు. మళ్లీ రేపన్నాడు. మా ఆయన పైగా వెనకేసుకొచ్చేవాడు, పాపం పనుల్లో ఉన్నాడులే అని. ఆ పాపమే ఆయన్ని మింగింది.”

“అక్క అన్నదాంట్లో తప్పేం లేదండి. రేపు రేపు అన్నాను. అప్పట్నుంచీ చిత్రిక చేత్తో ముట్టలేదు. కళ్లు మూస్తే ఈ తలుపే. అవతల బావ కొడుతుంటాడు, ఇవతల నేను చెక్క గీకుతుంటాను. ఎంత గీకినా తరగదు.”

“నేను మాత్రం హాయిగా నిద్రపోతున్నాననుకుంటున్నాడేమో.”

“మెల్లగా తెరువయ్యా. ఇంకొంచెం. ఇంకా... ఆఁ, ఆగు! కదలకు.”

“గోడ చిల్లులోకి దిగిందండీ లైటు.”

“దిగింది. గీత చూడు, ఛాతీ ఎత్తున అడ్డంగా వచ్చింది. గాల్లోకట, గాల్లోకి! అమ్మా, సందు కొలవండి.”

“జానెడే. నేను చెప్పలేదూ?”

“అక్షరాలా మీరు చెప్పినట్టే ఉంది. ఏమయ్యా, వానలకి ఇది ఎక్కడ బిగిసేది?”

“పైమూలండి. గుమ్మం చెక్కలో ఇరుక్కునేది.”

“ఇప్పుడు ఆ మూల ఎక్కడుంది?”

“గుమ్మం దాటి... గాల్లో ఉందండి.”

“కింద?”

“గచ్చుకి తగలట్లేదు. నా వేలు దూరుతోంది. చెక్క ఎంత ఉబ్బినా ఇంత సందు పూడదండి. గచ్చు మీద రాపిడి గీత కూడా లేదు.”

“ఏమిటి మీరిద్దరూ గుసగుసలు?”

“అమ్మా, జానెడు వచ్చాక ఈ తలుపు బిగుసుకోవడానికి ఇక్కడ ఏమీ లేదు.”

“అంటే? నేను అబద్ధం చెబుతున్నానా? ఈ చేతులతో లాగాను మేడమ్! ఎన్నాళ్లో భుజం పైకి లేవలేదు!”

“అబద్ధమనడం లేదు. అది రాలేదు, నిజమే. చిత్రిక పట్టి ఉన్నా వచ్చేది కాదు, అంతే నేను చెప్పేది.”

“వినడానికి బానే ఉంది. వీణ్ణి గట్టెక్కిస్తున్నారా?”

“ఒక్క మాట అడుగుతాను. మావాళ్లు ఫోటోలు తీసేసరికే తలుపు బయటివైపు కడిగేసి ఉంది. ఎవరు కడిగారు?”

“నేనే. చూడలేకపోయాను.”

“ఎక్కడెక్కడ కడిగారు?”

“బయటి పిడి రింగు ఒక్కటే.”

“చెక్క?”

“చెక్కకి రక్తమేమీ అంటలేదు. రింగుకే. దాని లోపలివైపు, వేళ్లు మడత పడే చోట... అంటుకుపోయింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను.”

“అరచెయ్యి గుర్తు తలుపు మీద ఎక్కడా లేదూ?”

“లేదన్నానుగా! అడిగిందే అడుగుతారేం?”

“మేడమ్, ఇంక వద్దండి. ఆపేద్దాం.”

“ఏమయ్యా?”

“బిగుసుకుందనే రాయండి. నా తలుపే బిగుసుకుంది. తప్పు నాదే. నాకలవాటైపోయిందండి, నేను మోస్తాను.”

“అలా రాయలేనయ్యా.”

“ఏం దాస్తున్నావురా?”

“ఏం లేదక్కా.”

“ఇన్నాళ్లకి నోరు తెరిచి నిన్ను అడుగుతున్నాను. నాతో చెప్పరా.”

“అక్కా... లోపలికి రావాలనుకున్నవాడు తలుపు నెడతాడు. రింగు ఎందుకు పట్టుకుంటాడు?”

“ఎందుకేమిటి, లాగడానికి... ”

“ఊఁ.”

“ఆయనా? నేను ఇటు లాగుతుంటే, ఆయన అటా?”

“వాడు వీధిలోంచి తిన్నగా ఇటే కాలుస్తున్నాడమ్మా. తలుపు ఇంకాస్త తెరుచుకుని ఉంటే, మీరు నిలబడ్డ చోటు...”

“చూపించకండి. ఆ లైటు తీసెయ్యండి.”

“తీసేశాను.”

“ఏ పంతంలోనూ నా ముందు నిలబడలేదురా మీ బావ. టీవీ రిమోట్ దగ్గర్నుంచి. నేను కాస్త గట్టిగా లాగితే నవ్వేసి వదిలేసేవాడు.”

“కూర్చో అక్కా. ముందు కూర్చో.”

“ఉండు. చివరికి ఒక్కసారిగా వచ్చేసింది, వెల్లకిలా పడ్డానన్నాను కదా.”

“అక్కా, వద్దు.”

“నా బలమే అనుకున్నాను రా, ఇన్నాళ్లూ.”