గాలిలో తీసిన ఫోటో

ఇలా దగ్గరికి జరగండి, ఎప్పుడూ గాలి హోరెత్తే మా ఫారో దీవుల్లో నేను విన్న ముచ్చట చెబుతాను. నేను బట్టలారేస్తుంటే, పుస్తకాలు రాసే పక్కింటి సున్నివా తన ఫోటో తానే తీసుకోబోతోంది. వాళ్ల అన్న గోడ మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఇంటి వెనక నక్కావేమే?"

"ఇక్కడ గాలి తగలదు అన్నయ్యా. జుట్టు చెదరదు. కొత్త పుస్తకం అట్ట మీదికి సాయంత్రంలోగా పంపాలి."

"పోయినసారీ కోపెన్‌హేగన్ పట్నంలో ఇలాగే నున్నగా దువ్వించుకుని తీయించుకున్నావు. ఊళ్లో ఒక్కరైనా ఆ పుస్తకం ఊసెత్తారా?"

"లేదు. ఎవరో పట్నపావిడ మన గొర్రెల గురించి రాసిందనుకున్నారు. ఈసారైనా మనవాళ్లు నన్ను గుర్తుపట్టాలి."

"అయితే ఇవతలికి రా. జుట్టు కదలని మనిషిని ఈ దీవిలో ఎవరు నమ్ముతారు?"

"మొహమంతా కప్పేస్తుంది."

"పుట్టినప్పటి నుంచీ నిన్ను అలాగే చూస్తున్నాం."

"ఫోను ఎగిరిపోదూ?"

"గోడ మీద పెట్టి రాయి ఆనించు. అది పది లెక్కపెట్టేలోగా దాని ముందుకు పరుగెత్తు."

ఆమె పరుగెత్తింది.

"చూడు, ఒక్క కన్నే పడింది. నోరు తెరిచి నవ్వుతున్నాను."

"ఇదీ మా చెల్లెలంటే. పంపెయ్."

పుస్తకం వచ్చిన వారానికి మా వీధిలోని బోయి అనే ముసలాయన ఆమెను దారిలో ఆపేశాడు.

"ఏమమ్మాయ్, మా నాన్న పడవ ఎర్రదని రాశావేం? అది పచ్చది."

"తప్పే బాబాయ్. పుస్తకమంతా చదివావా?"

"మన పిల్ల రాస్తే చదవనా?"

సున్నివా మొహం వెలిగిపోయింది. ఈ ముచ్చట మరిచిపోకండి. మీ పిల్లలకు చెప్పేటప్పుడు పడవ పచ్చదనే చెప్పండి.