జలపాతంలో వాటా

దేవుడు కొందరికి పనితనం చేతుల్లో పెడతాడు, కొందరికి నాలుక మీద పెడతాడు. యాంగ్‌జౌ ఊళ్లో జేడ్ రాళ్లు అరగదీసి బొమ్మలు చేసే గువాన్ దెషున్‌కి నాలుక మీదే కాస్త ఎక్కువ పడింది.

ఆ ఉదయం టీకొట్టుకి మెయ్ పండితుడు వచ్చాడు. ఆయన చదువుకునే బల్ల మీద మూరెడు ఎత్తు జేడ్ కొండ ఒకటుంది. దేవదారు చెట్లు, గుహలో సన్యాసి, మధ్యన తెల్లటి జలపాతం. కొండ వెనక తన పద్యం చెక్కిస్తూ, కింద పనివాడి పేరూ ఉండాలని పట్టుబట్టి, అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు.

"చెక్కిందెవరా? మీ ఎదురుగానే ఉన్నాడు, చూసుకోండి!" అన్నాడు దెషున్ పుచ్చగింజలు నములుతూ.

పక్కనే టాన్ అన్న కూర్చునున్నాడు. ఇద్దరిదీ ఒకే గురువు. టాన్ అన్నకిప్పుడు చూపు లేదు. ఇరవై ఏళ్లుగా దెషున్ ఈ కథ చెబుతున్నా ఒక్కసారీ నోరు విప్పలేదు. దెషున్ ధైర్యమంతా అదే.

"మూడేళ్లు సానచక్రం తొక్కానండీ! ఉలి దిగని రాయి, తడి ఇసుకతో వెంట్రుకవాసి చొప్పున అరగదీశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జలపాతం పూర్తయిన రోజు నా చొక్కా తడిసిపోయింది!"

"చెమటేమోలే," అన్నాడు కొట్టు యజమాని లియావ్.

"చెమటలో చేపలుంటాయిటోయ్? రెండు ఒళ్లో పడితే మా ఆవిడ అల్లం వేసి వండింది! ఆ తేమకి దేవదార్లు చిగుళ్లేసి, నెలనెలా కత్తిరించాల్సొచ్చేది. ఓ రోజు గుహలోంచి సన్యాసి తల బయటపెట్టి, 'నాయనా, మెల్లగా తొక్కు, ధ్యానం చెడుతోంది' అన్నాడు. టీ పోసిచ్చాను. తాగి, గిన్నె కడిగి మరీ లోపలికెళ్లాడు!"

కొట్టంతా గొల్లుమంది. పండితుడూ నవ్వి, కాగితం పరిచి కుంచె తడిపాడు. "అయితే గువాన్ దెషున్ అని రాయనా?"

దెషున్ పుచ్చగింజలు నమలడం ఆపేశాడు. కొట్టులో కోసిన కోత టీతోపాటే చల్లారిపోతుంది. రాతి మీద పేరు అలా పోదు కదా.

"రాయండి బాబూ," అన్నాడు టాన్ అన్న మెల్లగా. "ఆ జలపాతంలో మావాడికీ వాటా ఉంది. నేను అన్నానికి లేచినప్పుడు వీడు సరదాపడి చక్రం తొక్కాడు. ఇసుకలో నీళ్లు పోయడం మరిచాడు. రాయి వేడెక్కి పైనుంచి కిందికి పగిలింది. ఆ పగులుని ఏం చెయ్యాలో తోచక జలపాతం చేశాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది దెషున్‌కి. ఆనాడు గురువు నిలదీస్తే, పగులు ముందునుంచే రాయిలో ఉందని టాన్ అన్న తనకోసం అబద్ధమాడాడు. ఆ తెల్లటి గీతని నునుపు చేసి చేసే ఆయన కళ్లు అరిగిపోయాయి.

"టాన్ యిచెంగ్ అని రాయండి," అన్నాడు దెషున్ తలెత్తకుండా.

పండితుడికి వినపడలేదు. "ఇంకాస్త గట్టిగా చెప్పండి," అన్నాడు.

దెషున్‌ని ఆ మాట అడిగినవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు.