‘ఎవరిచేత?’ అని అడిగే మా సారు

పందొమ్మిది వందల తొంభై నవంబరు ఐదవ తేదీ ఉదయం, మా కళాశాల విద్యార్థి సంఘ కార్యాలయంలో అప్పటి సూపరింటెండెంటు గారు కొత్తగా చేరవలసిన టైపిస్టు కోసం చూస్తుంటే, ఆ టైపిస్టు వరండాలో నిలబడి తడిగుడ్డతో నోటీసు బోర్డు అద్దం తుడుస్తున్నారట. మసక అద్దం వెనుక కాగితం అంటించినా అంటించనట్టేనని ఆయన సంజాయిషీ. చేరిక పత్రం మీద సంతకం ఆ తరువాతే చేశారు. ముప్పై అయిదేళ్ళ సేవ ముగించుకుని, అదే కార్యాలయపు సూపరింటెండెంటుగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మా సారు గురించి, నాలుగేళ్ళుగా ఆయన సహాయకురాలిగా ఉన్న నేను ఈ సంచికలో రాయగలగడం నా భాగ్యంగా భావిస్తున్నాను.

తొలి పదేళ్ళలో ఆయన చేసిన పనిని ఇప్పటికీ ఆశ్చర్యంతోనే చూస్తాను. పాత సభల పుస్తకాలలో చెల్లాచెదురుగా ఉన్న నిబంధనలన్నింటినీ ఏరి, వరుసపెట్టి, ఇరవై రెండు పుటల చిన్న పుస్తకంగా టైపు చేశారు. సంఘం ఒక విధానాన్ని చేపట్టాలని కోరే విద్యార్థి ఎవరైనా సరే, ప్రతిపాదన రాసి, బలపరిచే మరొకరిని వెతుక్కుని, ఇరవై మంది సంతకాలతో సభకు ఏడు రోజుల ముందు ఇవ్వవచ్చునని, సభలో మూడింట రెండు వంతుల మంది చేతులెత్తితే అది సంఘ విధానమవుతుందని అంతకుముందు నాయకులకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పుస్తకం వచ్చాక, వెనుక బెంచీలో మౌనంగా కూర్చునేవారు కూడా కాగితాలు పట్టుకుని మా గది గుమ్మంలో నిలబడసాగారు.

సూపరింటెండెంటు అయిన తరువాత ఆయనకు ఒక అలవాటు స్థిరపడింది. విద్యార్థి ఇచ్చిన ప్రతిపాదనను ఆ విద్యార్థికే పైకి చదివి వినిపించేవారు. ‘చర్యలు తీసుకోబడును’, ‘సౌకర్యం కల్పించబడును’ అని ‘బడును’ తగిలిన ప్రతిచోటా ఆగి, కళ్ళద్దాల మీదుగా చూసి, “ఎవరిచేత?” అని అడిగేవారు. అంతకుమించి ఒక్క అక్షరమూ సూచించేవారు కాదు, విద్యార్థి కాగితం మీద తన కలం ఏనాడూ పెట్టలేదు. పిల్లలు చాటున ఆయనను ‘ఎవరిచేత సారు’ అనేవారు. అది తెలిసి ఆయన, “పేరు పెట్టబడింది అనలేదు కదా, ఎవరు పెట్టారో నాకు తెలుసులే,” అని నవ్వేవారు.

ఆ ప్రశ్న నేనూ ఎదుర్కొన్నాను. అప్పుడు రెండో సంవత్సరం విద్యార్థినిని. మా ఊరి మొదటి బస్సు కళాశాలకు చేరేసరికి మొదటి గంట సగమయ్యేది. గేటు దగ్గర ఆలస్యపు చీటీ తీసుకుని తరగతిలో కూర్చున్నా, ఆ గంటకు గైర్హాజరు పడేది. హాజరు చాలక పరీక్షకు అనుమతి రాదని తేలిపోయింది. ఏడాది పోతే చదువు మానిపించి పనికి పంపుతానని మా నాన్నగారు అప్పటికే పొట్లాలు కట్టే షెడ్డు మేస్త్రీకి మాట ఇచ్చేశారు. ‘ఆలస్యపు చీటీలు ఉన్నవారికి హాజరు ఇవ్వబడును’ అని రాసి తీసుకువెళ్ళాను.

“ఎవరిచేత?”

“ఎవరో ఒకరు ఇస్తారు కద సార్.”

“ఆ ఎవరో ఒకరు మన కాలేజీలో ఏ గదిలో కూర్చుంటారమ్మా?”

మూడుసార్లు తిరగరాశాను. చివరికి, అధ్యాపకులు ఈ ఏడాది మొదటి నుంచి చీటీ ఉన్న రోజులను హాజరుగా లెక్కించాలని, సంఘ కార్యదర్శి మూడు రోజులలో ఈ విధానాన్ని ప్రిన్సిపాల్ గారికి స్వయంగా అందించి జవాబు తేవాలని వాక్యం కుదిరింది. అయితే సభను మొదటి గంటకు పెట్టారు. ప్రతిపాదించిన నేనూ, బలపరిచిన నా స్నేహితురాలూ అదే బస్సులో ఉన్నాం. ఆ పూట అది మరీ ఆలస్యమైంది.

మేము లేనప్పుడు జరిగింది సభ పుస్తకంలో ఉంది, చూసినవారూ చెప్పారు. నా అంశం పిలిచారు. ఎవరూ లేవలేదు. అధ్యక్షస్థానంలో ఉన్న విద్యార్థి, కొట్టివేయవచ్చునా అని సారును అడిగాడు. ఆ సభలో నా పరిస్థితి పూర్తిగా తెలిసిన ఏకైక వ్యక్తి ఆయనే. ఆయన చెప్పింది ఇంతే: “నేను అనేదేం లేదు. పద్నాలుగో నిబంధన చదువుతాను.” ప్రతిపాదకులు లేనప్పుడు, సభ్యుడెవరైనా కోరితే, ఆ అంశాన్ని చివరికి జరపవచ్చునని చదివారు. మళ్ళీ చదివారు, ఈసారి మరింత నెమ్మదిగా. పుస్తకం మూయకుండా, వేలు ఆ వాక్యం మీదే ఉంచి, ఒక్కొక్కరి ముఖమే చూశారట. అప్పుడు లేచినవాడు, చీటీల పేరు చెప్పి అందరూ క్యాంటీనులో కూర్చుంటారని వారం పొడుగునా నన్ను వ్యతిరేకించిన సీనియరు. “బస్సు లేటు గురించి చెప్పాల్సినవాళ్ళు బస్సులోనే ఇరుక్కుపోయారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చివరికి జరపండి,” అన్నాడు. నేను రొప్పుతూ వచ్చి రెండు ముక్కలు మాట్లాడాను. అరవై మందిలో నలభై చేతులు కావాలి. నలభై ఒకటి లేచాయి.

ఆయనే నా తరఫున ఒక్క మాట చెప్పి ఉండవచ్చు కదా అని, ఉద్యోగంలో చేరాక అడిగాను. “ఇవాళ నీకోసం నోరు విప్పితే, రేపు నాకు నచ్చని పిల్ల కాగితం మీదా విప్పుతానమ్మా. ఆ రుచి తగిలితే ఆగదు,” అన్నారు. అంతటి దయను అంతటి కట్టుబాటులో ఉంచగలిగిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

సారు ఆయురారోగ్యాలతో, అమ్మగారితో, పిల్లలతో, మనుమరాలితో కలకాలం సుఖంగా ఉండాలని, ఉదయం తీరిగ్గా పత్రిక చదువుకునే రోజులు ఆయనకు ఎన్నో ఏళ్ళపాటు దక్కాలని సహోద్యోగులందరమూ మనసారా కోరుకుంటున్నాము. ఈ కోరికలో మా ఇంటివారి పాలు కూడా ఉంది. సభ జరిగిన మూడవ రోజున ప్రిన్సిపాల్ గారి సంతకంతో వచ్చిన ఉత్తర్వు ప్రతిని నేను ఇంటికి తీసుకువెళ్ళాను. మా నాన్నగారు దానిని గుమ్మం వెలుతురులో రెండుసార్లు చదివారు. మడిచి నా చేతికిచ్చి, చెప్పులు వేసుకుని మేస్త్రీ ఇంటివైపు నడిచారు.