ముందు అత్తగారి రక్తం

1992 జూలై 6న రాజమహేంద్రవరంలోని మా రక్తనిధిలో సలహాదారుగా అడుగుపెట్టిన శ్రీమతి సీతారామలక్ష్మి గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ల్యాబులో సూదులు పట్టుకునే నా చేత కలం పట్టించిన సహోద్యోగుల ధైర్యానికి ముందుగా నమస్కారం.

తొలినాళ్ళలో ఆవిడ రక్తదాన శిబిరాలు నిర్వహించేవారు; తలసీమియా విభాగం ఆరంభమయ్యాక, పుట్టుకతో వచ్చిన ఆ వ్యాధి వల్ల నెలనెలా రక్తం ఎక్కించవలసిన పిల్లల తల్లిదండ్రులకు పెద్దదిక్కయ్యారు. కోనసీమ అర్చకులైనా, ఉపాధ్యాయులైనా, వర్తకులైనా బంధువులకు మాత్రం ‘కామెర్లు’ అనే చెప్పేవారు. రక్తం పడుతుందని ఐరన్ టానిక్కు పట్టించేవారు. ఎక్కించే రక్తంతోనే ఒంట్లో ఇనుము పేరుకునే ఈ పిల్లలకు అది చేటని సీతారామలక్ష్మి గారు విసుగు లేకుండా బోధించేవారు. ఆ విసుగంతా తర్వాత నా మీద చూపేవారనుకోండి!

ఒక్క సంఘటన చెప్పి తీరాలి. మండపేటలో బట్టల కొట్టున్న సత్యకుమారి గారు మనవరాలు శ్రీసుధను రక్తానికి తీసుకొచ్చేవారు. కోడలు పావని స్వయానా అన్నగారి కూతురే అయినా, జబ్బు ఆమె వల్లే వచ్చిందని నలుగురిలో దెప్పేవారు. అంతలో కుండమార్పిడిగా తన కూతురు సారికను పావని తమ్ముడికే ఇవ్వాలని నిశ్చయించారు. పెళ్ళికి ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయిద్దామన్నారు మన సలహాదారు.

“బావుందండి! జబ్బుందని పేరు పడితే నా పిల్లనెవరు చేసుకుంటారండి?”

“అయితే ముందు మీరు చేయించుకోండి. మీకిప్పుడు సంబంధం తప్పిపోయే భయం లేదు కదండీ!”

హాలంతా నవ్వింది. ఆవిడా నవ్వి, పంతానికి నా ముందు చెయ్యి చాపారు.

ఫలితం వచ్చాక నవ్వలేదు. పైకి జబ్బు లేకపోయినా దాన్ని పిల్లలకు చేర్చే లక్షణం ఆవిడ రక్తంలోనే ఉంది. తర్వాత అన్నగారిలోనూ తేలింది. తన నుంచి కొడుక్కీ, అన్న నుంచి పావనికీ వచ్చింది. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లక్షణం ఉంటేనే బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదం.

“నిన్ను అన్యాయంగా ఆడిపోసుకున్నానే, తల్లీ!” అంటూ కోడల్ని పట్టుకుని బావురుమన్నారు.

మర్నాడు సారికనూ, ఆ అబ్బాయినీ ఆవిడే వెంటబెట్టుకొచ్చారు. ఇద్దరిలోనూ అదే లక్షణం! ఆ పెళ్ళి ఆగిపోయింది, రాకపోకలు మాత్రం ఆగలేదు. ఆ లక్షణం లేదని పరీక్షలో తేలిన మరో వరుడితో సారికకు పెళ్ళయింది. ఆమె కొడుకు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. సత్యకుమారి గారు నేటికీ మా హాల్లో కూర్చుని, కొత్తగా వచ్చిన అత్తగార్లను పరీక్షకు తోలుతుంటారు.

రక్తం ఎక్కించుకుని వెళ్ళే ప్రతి బిడ్డ తలపైనా చెయ్యి వేసి “నూరేళ్ళు బతకాలమ్మా” అనడం సీతారామలక్ష్మి గారి అలవాటు. కొత్తగా వచ్చిన తల్లులు ఆ మాటకు ఏడ్చేసేవారు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న శ్రీసుధ మొన్న నన్నడిగింది:

“పెద్దవాళ్ళని మేం దీవించకూడదా ఏంటండి?”

శాస్త్రం సంగతి నాకు తెలియదు. మేడమ్ గారూ, ఆ పిల్లలందరి మాటగా ఇక్కడ రాస్తున్నాను, కాదనకండి. ఆయురారోగ్యాలతో మీరు నూరేళ్ళు బతకాలమ్మా!