హీరోగారు పుట్టిన గుడిసె

భూపాలపల్లి జిల్లా, కాటారం దాటాక అడవి అంచున చాంద్యా తండా. ఆషాఢ మాసపు మధ్యాహ్నం. గుడిసె ముందు గడ్డపారతో కమ్లీ. ఆమె ఎదుట, ఇప్పుడే కారు దిగిన సినిమా మేనేజరు సాయికుమార్.

"ముందు ఆ గడ్డపార కింద పెట్టండి కమ్లీ గారూ. పెట్టి మాట్లాడండి."

"ఇది చేతుల ఉంటె మాటలు రావా సారు? చెప్పు, ఇంటున్న."

"ఒక్క పెళ్ల కూడా రాలకూడదు. ఇది మామూలు గుడిసె కాదు."

"మామూలుది కాకపోతే వానకు ఎందుకు ఉరుస్తాంది?"

"అమ్మా, ఇది రుద్రాంశ్ గారు పుట్టిన గుడిసె. రెండు రాష్ట్రాల జనం దీన్ని..."

"ఎవలు పుట్టిన గుడిసె?"

"రుద్రాంశ్ గారు. మా హీరో గారు."

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పడమేంటండీ! ఆయన జీవితం మీద మేం డాక్యుమెంటరీ తీశాం కదా. నిరుడు ఇక్కడే తీశాం. అందులో మీరూ ఉన్నారు. ఈ గుమ్మం పట్టుకుని ఏడ్చారు."

"ఏడ్వుమన్నరు, ఏడ్చిన. నీళ్లు వస్తలేవని ఒకాయన కండ్లల్ల ఏదో మందు ఏసిండు. రెండు దినాలు మండినయ్."

"గ్లిజరిన్ అది. ఏం కాదు."

"నీ కండ్లల్ల ఏసుకున్నవా ఎన్నడన్న? ఇంకోటి. టీవీల మూతి నాదే కదులుతాంది, మాట ఇంకెవలదో వస్తాంది. 'మా బాబు ఈ చూరు కిందే పుట్టాడండీ' అనుకుంట. నా జన్మల నేను 'అండీ' అన్ననా?"

"డబ్బింగ్ చెప్పించాం. అన్ని జిల్లాల వాళ్లకీ అర్థం కావాలి కదా."

"నేను గా దినం ఏమన్ననో యాదికున్నదా? 'జల్ది కానియ్యుండ్రి, మ్యాకల కొట్టుకరావాలె' అన్న. గదే అన్న. ఇంకో ముచ్చట అననే లేదు."

"పాత విషయాలు ఎందుకులెండి. ఆ సినిమాతో మీ తండాకు ఎంత పేరొచ్చిందో చూడండి."

"సారు, నిజం చెప్పు. మీ హీరో మొగుళ్లపల్లి మిల్లు పద్మలతమ్మ కొడుకు గాదా?"

"ఎవరు... మీకెవరు చెప్పారు?"

"ఒగలు చెప్పేదేంది? లగ్గం కాకముందు నేను గా రైసుమిల్లుల తవుడు ఎత్తిన. రెండంతస్తుల బంగ్లా వాళ్లది. పిలగాడు హన్మకొండ దవాఖానల పుట్టిండు. కార్ల తోలుకొచ్చిండ్రు. కూలోళ్లందరికి లడ్డూలు పంచిండ్రు. నాకు రెండొచ్చినయ్."

"ఈ మాట ఎవరితోనైనా అన్నారా?"

"లడ్డూల సంగతా?"

"మిల్లు సంగతి!"

"అడిగినోడు లేడు. అందరు గుడిసె సంగతే అడుగుతున్నరు."

"చూడండమ్మా, మీకు సినిమా సంగతి తెలీదు. మిల్లు ఓనరు కొడుకు హీరో అయితే జనానికి అందులో ఏముంటుంది? కష్టం ఉండాలి. కింది నుంచి పైకొచ్చాడనిపించాలి. వాళ్లింట్లో ఎంత వెతికినా కష్టం దొరకలేదు."

"గందుకని మా తండకు వచ్చిండ్రా? బాగనే వచ్చిండ్రు. కష్టమైతె ఎంతంటె గంత దొరుకుతది గీడ."

"కోపం వద్దు. అభిమానులు వస్తున్నారు, దండం పెడుతున్నారు. అంత భాగ్యం ఎవరికి దక్కుతుంది?"

"భాగ్యమా? మొన్న ఆయన పుట్టినరోజుకు మానుకోట నుంచి మూడు డీసీయం బండ్లల్ల వచ్చిండ్రు పోరగాండ్లు. గుడిసె మీద పాలు పోసిండ్రు. మట్టిగోడ సారు ఇది, పాలు పోస్తె ఉంటదా? నానింది. చీమలు పట్టినయ్. తెల్లారి వానొచ్చింది, ఎన్కగోడ కూలవడ్డది. ఉన్న గోడలకు గోర్లతోని గీకి మట్టి తీస్కపోతున్నరు. పుట్టబోయే పిల్లలకు బొట్టు పెడ్తరట."

"చూశారా, ఎంత నమ్మకమో!"

"నమ్మకం వాళ్లది, గోడ నాది."

"సరే. మీకు కావలసింది ఏంటో చెప్పండి."

"నాకేం వద్దు. సర్కారు ఇల్లు మంజూరైంది. శుక్రారం పంచాయితి సెక్రెటరీ సారు వచ్చి పునాదికి ముగ్గు పోస్త అన్నడు. గప్పటికి గుడిసె తీసి జాగ సాపు చేసి పెట్టాలె. లేకుంటె ఇల్లు ఇంకొకలకు పోతది. మా ఆయన ఇసుక తేను పోయిండు. నేను తవ్వుత. గంతే."

"ఇల్లు పక్కన కట్టుకోండి."

"ఏ పక్కన? గటు దిక్కు పక్కోళ్ల చేను. గిటు దిక్కు అడివి కంచె. నాకున్న జాగ గీ గుడిసె కిందనే ఉన్నది."

"పది రోజులాగండి. ఆదివారం జనగామలో పెద్ద సభ. కొత్త సినిమా పండగ. రుద్రాంశ్ గారు స్టేజీ మీద ఈ గుడిసె మట్టి నుదుటికి రాసుకుంటారు. మర్నాడు స్వయంగా ఇక్కడికి వస్తారు. ఒక రాత్రి ఇక్కడే నిద్ర చేస్తారు."

"గీ గుడిసెల పంటడా? పైన కవరు చినిగింది. రాత్రంత బకీటు జరుపుకుంట కూసుండాలె."

"వెనకాల బస్సు ఉంటుందిలెండి. ఏసీ బస్సు. నిద్ర అందులో."

"మరి గీడ?"

"లేవడం ఇక్కడ. తెల్లవారి గుమ్మంలోంచి బయటికి వస్తారు. కెమెరా ఎదురుగా ఉంటుంది."

"ఓరి దేవుడా. పండుకునుడు ఒకాడ, లేసుడు ఇంకొకాడ."

"ఒకసారి లోపల చూస్తాను. వెలుతురు ఎలా వస్తుందో..."

"వద్దు."

"ఒక్క నిమిషం."

"వద్దన్న గద సారు. మా పిలగాడు పండుకున్నడు. పానం బాగలేదు."

"ఏమైంది?"

"ఏం కాలే. పడ్డడు."

"ఎక్కడ?"

"ఎక్కడనో ఒకాడ. పడ్డోనికి జాగ ఏం యాదికుంటది? నువ్వు నీ ముచ్చట చెప్పుకొని పో."

"చెప్పాను కదా. ఇంక మీ ఇష్టం. అభిమానులకు తెలిస్తే మాత్రం నేను ఆపలేను. అదిగో, మాటల్లోనే వచ్చాడు."

ఆటో ఆగింది. దిగినవాడు ఐలేశ్, కాటారంలో రుద్రాంశ్ అభిమాన సంఘానికి అధ్యక్షుడు.

"అక్కా! ఏందక్కా, గడ్డపార పట్టినవట? ముందుగాల నన్ను తవ్వు. నా పానం పోయినంక గుడిసె ముట్టు."

"నీ పానం నాకెందుకు ఐలేశ్? పక్కకు జరుగు."

"జరుగ. మా అన్న పుట్టిన మన్ను గిది. సార్, మీరు పరేషాన్ కాకుండ్రి. పోరగాండ్లను రమ్మన్న. రాత్రి పగలు కావలి ఉంటం."

"శభాష్ ఐలేశ్. నీ పేరు సార్‌కి చెప్తాను."

"నిజమా సార్? అన్నకు నా పేరెర్కనా?"

"ఎరుకే. మొన్న కూడా అడిగారు. ఆ... మహేశ్ ఎలా ఉన్నాడని."

"ఐలేశ్ సార్."

"అదే, ఐలేశ్."

"తమ్మీ, ఒక్కటడుగుత చెప్పు. నీ ఇల్లు ఏమిల్లు?"

"స్లాబిల్లే అక్క. మూడేండ్లాయె."

"స్లాబు ఎందుకు ఏసినవ్?"

"పెంకుటిల్లు ఉరుస్తుండె గద."

"మరి నాది?"

"నీది గుడి అక్కా. గుడి ఉరిసినా భక్తులు ఏమనరు."

"గుళ్లె ఉండేటోళ్లు తడుస్తున్నరురా!"

"జర ఓపిక పట్టు. ముందుగాల కర్పూరం ముట్టిచ్చి వస్త. వచ్చినప్పుడల్లా ముట్టిస్త గద."

"ఇయ్యాల వద్దు. లోపలికి పోకు."

"దండం పెట్టుకొని వస్త అక్కా."

"ఐలేశ్! వద్దంటున్న! నా మాట ఇనవా... ఐలేశ్!"

"పోనివ్వండమ్మా. భక్తి కదా, కాదనకూడదు."

"మీకు అర్థం కాదు సారు."

"ఏంటి, ఎంతసేపు? ఐలేశ్! ఏం చేస్తున్నావు లోపల? ఆ వచ్చావా. ఏంటి అలా ఉన్నావు?"

"సార్."

"చెప్పు."

"సార్, అన్న లోపలున్నడు."

"ఏ అన్న?"

"మన అన్న సార్. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. కాలుకు సిమెంటు పట్టీ ఉన్నది."

"పిచ్చా నీకు? రుద్రాంశ్ గారు హైదరాబాదులో ఉన్నారు. ఇప్పుడే ఫోన్‌లో మాట్లాడాను."

"మరి గా వీపు ఎవలది సార్? అంగీ లేదు, సక్కగ కనవడ్డది. ఎడమ రెక్క కింద పుట్టుమచ్చ, దాని పక్కపొంటి కాలిన మచ్చ. నా ఆటో ఎన్క బొమ్మ ఏయించుకున్న వీపే అది! రైలు మీదికెల్లి ఏట్ల దుంకే సీను ముప్పై నాలుగు సార్లు చూసిన. గా వీపు నాకు తెల్వదా?"

"వీపులన్నీ ఒకలాగే ఉంటాయి ఐలేశ్."

"నాది గట్ల లేదు సార్."

"వెలుతురు లేక నీకు అలా..."

"పిలిచిన సార్. 'అన్నా' అన్న. మొకం ఇటు తిప్పిండు."

"తిప్పితే?"

"మొకం అన్నది కాదు. వీపు అన్నదే. మొకం ఇంకెవలదో. అక్కా, ఎవలక్కా లోపల?"

"నా కొడుకు. బలరాం."

"బల్లూనా? బల్లూ మీ అబ్బాయా?"

"మీకెర్కనా సార్?"

"లేదు లేదు. పేరు... ఎక్కడో విన్నట్టుంది."

"ఎక్కడనో ఎందుకు ఇంటవు సారు? ఏడేండ్ల సంది మీ దగ్గరనే ఉన్నడు. ఇగ దాచి ఏం లాభం ఐలేశ్, చూసినవ్ గద. మీ హీరో మిద్దె మీదికెల్లి దుంకితే దుంకేది వీడే. మంటల్ల ఉరికేది వీడే. ఇరవై దినాల కింద షూటింగుల తాడు జారి కింద పడ్డడు. ఎవలకు చెప్పనని సంతకం పెట్టిచ్చుకున్నరు. నోరు తెరిస్తె ఇంకెక్కడ పని దొరుకదన్నరు. గందుకే నేను ఇన్ని దినాలు మూసుకున్న. గీ గుడిసెను మీ షూటింగోళ్లకు చూపింది గూడ వాడే. యాడికి, గదే అమ్మకు, రెండు దినాల పని దొరుకుతదనుకున్నడు, పిచ్చోడు."

"కమ్లీ గారూ, ఆ విషయాలు మనం కూర్చుని..."

"ఆగుండ్రి సార్. అన్న టీవీల ఏమన్నడు? 'నాకు డూపు లేడు, పడితే నేనే పడతా, లేస్తే నేనే లేస్తా' అన్నడా లేదా?"

"అన్నారు. ఆ సందర్భం వేరు."

"ఏం సందర్భం?"

"సినిమా రిలీజు."

"సార్, నేను ఈల ఏసింది ఎవలకు? గా దుంకుడు చూసే లేసి నిలవడ్డ. అంగీ చింపుకున్న. మా ఆమె పుస్తెలు గూడ తాకట్టు పెట్టి కటౌటు కట్టిన. గదంత మొకానికి చేసిన్నా, వీపుకు చేసిన్నా?"

"ఇద్దరికీ కలిపి చేశావనుకో."

"కలిపి ఎట్ల అనుకుంటరు సార్? ఒకరు ఏసీల ఉన్నరు, ఒకరు బకీటు పక్కపొంటి ఉన్నరు."

"చూడు ఐలేశ్, ఆవేశపడకు. ఆదివారం జనగామలో నిన్ను స్టేజీ ఎక్కిస్తాను. సార్ పక్కన నిలబెడతాను."

"నాకు వద్దు సార్. అక్కా, బలరాం ఏడ పుట్టిండు?"

"ఏడ పుడ్తడు? గిండ్లనే. గీ చూరు కిందనే. మా మోతీబాయి అత్త బొడ్డు కోసింది. గప్పుడు గూడ వానే. పిలగానికి తడి తగులకుండ మా ఆయన గొంగడి పట్టుకొని నిలవడ్డడు, తెల్లారేదాంక."

"గీ చూరు కిందనే?"

"గీడనే. గా మూలకు."

"సార్, ఇన్నరా? ఇన్ని దినాలు మేం తప్పు మొక్కలే సార్! పాలు పోసింది సరైన గుడిసెకే. మట్టి తీస్కపోయింది సరైన గోడదే. మొకమే మారింది గని గుడి మారలే!"

"సరే తమ్మీ, అర్థమైంది గద. సంతోషం. ఇగ జరుగు, మబ్బు పట్టింది. వాన పడకముందే వాన్ని పక్కింట్ల పండవెట్టి తవ్వుకుంట."

"తవ్వుడా? ఏందక్కా నువ్వు! ఇప్పటిదాంకనంటె ఏమో గని, ఇగ అస్సలే ముట్టనియ్య! అసలు హీరో పుట్టిన గుడిసె గిది!"

"ఐలేశ్!"

"చుట్టూ కంచె కొడ్తం. మానుకోటోళ్లకు, జనగామోళ్లకు ఫోన్లు కొడ్తం. గీ మూల గిట్లనే ఉండాలె. ఒక్క పెడ్డ రాలినా ఊకోం."

"ఓ మనిషీ, ఉరుస్తాందిరా! కాలు ఇరిగినోడు తడుస్తాండురా!"

"తడిస్తెనే కద అక్కా చరిత్ర! సార్, మీరైన చెప్పుండ్రి."

"నేనేం చెప్పను? ఐలేశ్ చెప్పిందాంట్లో... గుడిసె వరకు న్యాయం ఉంది."

"యాడీ! యాడీ, ఇంటున్నవా? గా ఐలేశన్నకు చెప్పు! నేను గిండ్ల పుట్టలే! కాటారం సర్కారు దవాఖానల పుట్టిన!"

"లోపలికెల్లి బలరాం ఏమో అంటుండు. దవాఖాన అంటుండేంది? అక్కా, నిజమేనా?"

"దవాఖాననా?"

"అక్కా, నిన్నే. ఇప్పుడే గద మోతీబాయి అన్నవ్, గొంగడి అన్నవ్?"

"గది... వేరే పిలగాని ముచ్చట తమ్మీ. యాది తప్పింది. వీడు దవాఖానలనే పుట్టిండు. నర్సమ్మ ఎత్తి చూపెట్టింది."

"నీ కొడుకు మీద ఒట్టేసి చెప్తవా?"

"ఏసిన. ఒట్టు."

"అయితే గిది ఉత్త గుడిసేనా?"

"ఉత్త గుడిసెనే ఐలేశ్. గిండ్ల ఎవ్వలు పుట్టలే."